ఏడు

ఈ రాత్రి కూడా నలభై మూడు గొట్టాలు.
నలభై మూడు ఒళ్లలో సూర్యుడు ఎంత మిగిలాడో
తెల్లారేలోగా నేను చెప్పాలి.

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీ అద్దాన్ని గోటితో గీకితే
మంచు కింద ఇంకో మంచు,
దాని వెనక పొగ,
పొగ వెనకెక్కడో కొండవాలు గుడారాల్లో
పొయ్యిలో బొగ్గు ఎగదోసి పడుకున్న ఊరు.

ఇరవై తొమ్మిదో గొట్టం: గొంచిగ్, అరవై ఒకటి, నలైఖ్.
విటమిన్ డి ఏడు.
ఇరవై అయినా ఉండాల్సిన చోట ఏడు.
యంత్రాన్ని కడిగి మళ్లీ నడిపాను.
ఏడే.

నిన్న పొద్దున చూశాను ఆయన్ని.
చొక్కా చెయ్యి మడిస్తే
ముంజేతి మీద నీలిగీతలు.
నరాలు కావు, గాయాల్లో ఇంకిపోయిన బొగ్గు నుసి.
"పన్నెండేళ్లు సర్కారు గని.
అది మూసేశాక ఇరవయ్యేళ్లు చాటు గుంటలు"
మార్కులు చెప్పే పిల్లాడిలా చెప్పాడు.
"ఇప్పుడు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయమ్మా,
గుడారం స్తంభాన్ని వాటేసుకుని నిలబడతాను."

ముప్పయ్యో గొట్టం సగమే నిండింది.
ఖొంగొర్జుల్, పద్నాలుగు నెలలు, ఆయన మనవరాలు.
నవంబరులో పుడితే
ఉన్ని గుడ్డలో చుట్టి, తాడు బిగించి
ఒక చలికాలమంతా ముఖం మాత్రమే లోకానికి చూపారు.
లోకం ఆ ముఖానికి పొగ చూపింది.
ఇప్పుడు నిలబడుతోంది,
దొడ్డికాళ్లతో.
మోకాళ్ల మధ్య నుంచి కుక్కపిల్ల దూరిపోవచ్చు.
"గుర్రమెక్కడానికే పుట్టిన కాళ్లు" అని తాత నవ్వి,
డాక్టర్ నొర్జ్‌మా నవ్వలేదని చూసి
ఆపేశాడు.

పాపకి చుక్కలు రాసింది ఆవిడ.
తాత అక్టోబరు నుంచీ మాత్రలు మింగుతూనే ఉన్నాడట.
అయినా ఏడేనా అని
మెగ్నీషియం కూడా చూడమంది.

డి ఒంట్లోకి వచ్చినంత మాత్రాన పనిలో దిగదు.
కాలేయంలో ఒక వేషం మార్చాలి,
మూత్రపిండంలో ఇంకోటి.
రెండు చోట్లా తెర లాగేది మెగ్నీషియమే.
తెర లాగేవాడు రాని రాత్రి
రాజు వేషగాడు రంగు పూసుకుని
లోపలే కూర్చుంటాడు.

కొలిచాను. అంచు మీద ఉంది.
అంచంటే ఏమీ చెప్పనట్టే.
ఒంట్లో ఉన్నదాంట్లో నూరో వంతు కూడా నా గొట్టంలోకి రాదు.
మిగతాదంతా ఎముకల్లో, కండల్లో తలుపేసుకుని ఉంటుంది.
వీధిలో నడిచేవాళ్లని లెక్కపెట్టి
ఇళ్లలో ఎందరున్నారో చెప్పమంటే ఎలా?

అల్మారాలో పరిశోధన కాగితాల కట్ట.
డి తక్కువున్నవాళ్లకి చక్కెర జబ్బు, గుండె జబ్బు, దిగులు
అని పెద్దక్షరాల్లో.
లోటు వల్ల జబ్బో,
జబ్బుతో గడప దాటక లోటో
ఇంకా తేలలేదని చిన్నక్షరాల్లో.
నాకు చిన్నక్షరాలే నమ్మకం.
ఎముక సంగతి మాత్రం ఏనాడో తేలింది.
దొడ్డికాళ్ల సంగతి తేలింది.

మూడున్నర.
యంత్రం తనలో తను గొణుక్కుంటోంది.
బడిలో విన్నది ఇప్పుడెందుకో గుర్తొచ్చింది:
బొగ్గంటే ఎండ.
కోట్ల ఏళ్ల కిందట ఆకుల మీద పడి
మట్టి కింద నిద్రపోయిన ఎండ.
ముప్పై రెండేళ్లు దాన్నే తవ్వి పైకి మోశాడు గొంచిగ్,
బస్తాల కొద్దీ, మోకాళ్ల మీద పాకుతూ.
అది కాలి, పొగై,
ఇవాళ్టి ఎండకి అడ్డం నిలబడింది.
పాత సూర్యుడే కొత్త సూర్యుణ్ణి మింగాడు.
రాహువుని అనవసరంగా తిడుతున్నాం.

తొమ్మిదింటికి కాగితం కోసం వచ్చాడు.
జేబు నిండా పైన్ గింజలు,
నడవాలో ముసలమ్మ దగ్గర గ్లాసుతో కొన్నవి.
డాక్టరమ్మ తినమందట.
పంటితో చిట్లించి, పప్పు నలిపి
పాప పాలలో వేస్తున్నాడు.
నాకూ గుప్పెడు పోశాడు.

"ఏడంటే మంచిదేగా?" అన్నాడు,
"ఆకాశంలో దేవుళ్లు ఏడుగురు."
నేను గింజ కొరికాను. గట్టిగా ఉంది.

అప్పుడే పొగ కాస్త విడిచి
అద్దంలోంచి బల్ల మీద చారెడు ఎండ పొడ పడింది.
అద్దం దాటొచ్చిన ఎండ
వెచ్చదనం తప్ప ఇంకేమీ ఇవ్వదు. నాకు తెలుసు.
ఖొంగొర్జుల్ దాని మీద అరచెయ్యి పెట్టింది.
తీసి, చేతిలో ఏమైనా అంటుకుందేమోనని
తిప్పి చూసుకుంది.

నేను చెప్పలేదు.